గడప బయట ఒక్క జత

“మా నాన్నని నేనే చంపాను ఆంటీ. కాయితం ఇమ్మనండి, సంతకం పెట్టేస్తాను. ఇంకేం అడక్కండి.”

నేను స్టేషన్లో అడుగుపెట్టినప్పటి నుంచీ అమలది ఇదే పాట. ఆంటీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా ఆ పరిస్థితిలో ఉన్న పిల్లని ఏమంటాం, ఊరుకున్నాను.

నా పేరు విజయదుర్గ. కొత్తపేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన నా ఆఫీసు. బోర్డు మీద ‘డిటెక్టివ్’ అనే ఉంటుంది గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది పెళ్ళికొడుకు తాగుతాడా, జీతం చెప్పినంతేనా అని కనుక్కోవడానికే వస్తారు. చావు కేసులు నా దాకా రావడం తక్కువ. ఇది తెచ్చింది సూర్యప్రభ, చనిపోయిన భానుమూర్తి గారి చెల్లెలు. నిన్న సాయంత్రం నా బల్ల ముందు కూర్చుని, “మా అన్నయ్య బతుకంతా చెప్పుల ఫ్యాక్టరీలోనే గడిచిందండీ. మూత తీసిన జిగురు డబ్బా పక్కన పెట్టుకుని, తలుపేసుకుని, ఆ ఘాటు పీలుస్తూ నిద్రపోయేంత తెలివితక్కువవాడు కాదు. మా అమల ఆ నేరం నెత్తినేసుకుని జైలుకి పోతానంటోంది. దాన్ని మీరే ఆపాలి,” అంది.

ఆపుదామనే వచ్చాను. కానీ ఆపాల్సిన మనిషే ఎప్పుడెప్పుడు లోపల వేస్తారా అన్నట్టు ఎదురుగా కూర్చుంటే నేనేం చెయ్యను.

“చూడమ్మా, చంపావో లేదో తేల్చడం నా పని. నేను అడిగినదానికి జవాబు చెప్పడం నీ పని. ముందు ఆ డబ్బా సంగతి చెప్పు,” అన్నాను కాస్త గట్టిగానే. ఏడ్చేవాళ్ళతో మెత్తగా మాట్లాడితే ఇంకా ఏడుస్తారు.

ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది. “మా చెప్పుల్లో తోలు ఉండదు ఆంటీ. పైభాగం అనాసాకు నారతో చేసిన షీటు. అడుగు పాత టైర్ల రబ్బరు. లోపలి గుడ్డ, పారేసిన నీళ్ళ సీసాల ప్లాస్టిక్ నుంచి తీసిన దారం. కాలు ఆనే అట్ట బెండుతో చేస్తాం. జిగురు కూడా నీళ్ళ జిగురే, ఘాటు మందులు వాడం అని పెట్టె మీదే వేసుకున్నాం.”

“మీ ‘ఆకుజోడు’ చెప్పుల పెట్టె చూశాను. తర్వాత?”

“పెద్ద ఆర్డరు వచ్చింది. నీళ్ళ జిగురు తొందరగా ఆరదు. ఆరకముందే కుడితే అడుగు ఊడొస్తోంది. ఒక్క డబ్బా, ఒక్కటే డబ్బా ఘాటు జిగురు తెచ్చాను. నాన్నకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. మొన్న, మేం చెప్పేదంతా నిజమేనా అని చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఆవిడ వస్తానంది. ఆవిడ కంట పడకుండా డబ్బా తీసుకెళ్ళి చెప్పులు కుట్టే చెక్క అచ్చుల గదిలో పెట్టాను.”

“అక్కడే ఎందుకు?”

“అక్కడికి బయటివాళ్ళు ఎవరూ రారు ఆంటీ. చెప్పులు విప్పాలి కదా. నాన్న గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేవాడు. అన్నం పెట్టే అచ్చులు, వాటి దగ్గరికి చెప్పులతో ఎలా పోతాం అనేవాడు. వచ్చినవాళ్ళు బూట్లు విప్పడం బద్ధకమై గడప దగ్గర్నుంచే తొంగిచూసి వెళ్ళిపోతారు.”

చెప్పులు తయారుచేసే చోటికి చెప్పులు విప్పి వెళ్ళడం. తెలుగువాళ్ళ ఫ్యాక్టరీ అంటే ఇదే మరి. నాకు నవ్వు రాబోయింది గానీ ఆ పిల్ల మొహం చూసి మింగేశాను.

“నాన్న అన్నం తిని అక్కడే చాప వేసుకుని పడుకుంటాడని తెలుసు కదా నీకు?”

“తెలుసు. తెలిసే పెట్టాను. తలుపు ఓరగా తీసి, గాలి బయటికి లాగే ఫ్యాన్ వేసుకుని పడుకుంటాడు, మూత గట్టిగా పెడితే ఏమవుతుందిలే అనుకున్నాను. నేను ఆవిడని తీసుకురావడానికి ఎల్బీ నగర్ మెట్రో దగ్గరికి వెళ్ళాను. పనివాళ్ళు భోజనాలకి ఇళ్ళకి పోయారు. తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంది, ఫ్యాన్ ఆగి ఉంది. డబ్బా నోరు తెరుచుకుని ఉంది. నాన్న...”

“మూత ఎలా పెట్టావో చెప్పు. చేతులతో నొక్కావా?”

“చేతులతో నొక్కితే దిగలేదు. డబ్బా ఎక్కి నిలబడి మడమతో చుట్టూ తొక్కాను.”

“ఎక్కి తొక్కిన మూత దానంతటదే లేస్తుందా? పెయింటు డబ్బా మూత స్క్రూడ్రైవరు పెట్టి లేపితే గానీ రాదు. నువ్వు ఎప్పుడూ చూడలేదా?”

అమల నా వంక చూసింది. ఆ కళ్ళలో ఒక్క క్షణం ఏదో మెరిసింది, వెంటనే ఆరిపోయింది. “ఒక పక్క లేచి ఉందేమో ఆంటీ. కళ్ళు మూసుకుంటే అదే. నేను సరిగ్గా తొక్కానా లేదా. అయినా ఎవరు తీస్తే మాత్రం ఏం, తెచ్చింది నేను. దాచింది నేను. నాన్నకి అబద్ధం చెప్పింది నేను.”

నిజం చెప్పాలంటే, ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. మాట మార్చాను. “అసలు ఈ కంపెనీ ఎలా మొదలైంది?”

“వినయ్ కాలు వల్ల. మా ఆయన కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టుకతోనే. బజార్లో ఏ బూటూ పట్టేది కాదు. పెళ్ళయిన కొత్తలో నాన్న ఆ కాలికి తగ్గట్టు ముందువైపు వెడల్పుగా ఒక అచ్చు చెక్కి జత కుట్టి ఇచ్చాడు. అందరూ బాగుంది, బాగుంది అని అడగడం మొదలెట్టారు. ఆ మోడలే ఇప్పటికీ అమ్ముతున్నాం. మా ఇంట్లో, పనిలో అందరం అవే వేసుకుంటాం.” అలా చెబుతూనే మళ్ళీ ఏడ్చింది. “నాన్న కూడా అదే మోడల్. ఆయనకి ఎడమకాలు కొంచెం పొట్టి, ఎప్పుడో లారీ గుద్ది విరిగింది. తన జతలో ఎడమ మడమ కింద ఒక బెండు ముక్క ఎక్కువ అంటించుకునేవాడు. నడుస్తుంటే ఎవరికీ తెలిసేది కాదు.”

బయటికి వచ్చేసరికి వరండాలో వినయ్ నిలబడి ఉన్నాడు. పంచె, భుజం మీద తువ్వాలు, మాసిన గడ్డం, చేతిలో మజ్జిగ ప్యాకెట్టు. భానుమూర్తి గారికి కొడుకుల్లేరు, అల్లుడే కర్త. కర్మ పూర్తయ్యేదాకా కాళ్ళకి చెప్పులు వేసుకోకూడదు. వేసవి ఎండకి తారురోడ్డు మీద నడిచి ఆ కుర్రాడి పాదాలు బొబ్బలెక్కాయి. అమల చెప్పిన వేలు కూడా కనిపించింది, బొటనవేలి మీదికి ఎక్కి, చంకెక్కిన పిల్లాడిలా.

“అమల ఏమైనా తిన్నదా మేడమ్? నా చేత్తో ఇస్తే తాగడం లేదు. మీరైనా చెప్పండి,” అన్నాడు.

“చెబుతాను. నువ్వెలా ఉన్నావు బాబూ?”

“ఏం చెప్పమంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు మేడమ్. టైమ్ అంతే. తను ఊరికే తనని తాను తినేస్తోంది.” తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. “ఒక చిన్న సాయం చేస్తారా? మామయ్యగారి చెప్పులు ఆ గది బయటే ఉండిపోయాయి. పోలీసులు టేపు కట్టేశారు. అమల పదేపదే అడుగుతోంది, ఫోటో దగ్గర పెట్టుకుంటుందట. సీఐ గారిని నేనడిగితే విసుక్కున్నారు.”

నా మనసు కరిగిపోయింది. పెళ్ళికొడుకుల గుట్టు లాగి లాగి మగవాళ్ళ మీద నమ్మకం పోయినదాన్ని, ఇలాంటి ఒక్కడు కనిపిస్తే చాలు పొంగిపోతాను. తెస్తానని మాటిచ్చాను.

సీఐ రామచంద్రం గదిలోకి వెళితే ఆయన టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. తుర్కయంజాల్ మనిషి, పొలాలున్నవాడు, ఉద్యోగం తనకి అవసరమై కాదు, ఉద్యోగానికే తాను అవసరమన్నట్టు కూర్చుంటాడు. ఇంతకుముందు ఒకసారి ఆయన వదిలేసిన దొంగని నేను పట్టించాను. అది ఆయనా మరిచిపోలేదు, నేనూ మరిచిపోనివ్వను.

“ఏంది విజయదుర్గమ్మా, పెండ్లి సంబంధాలు ఒడిసినయా, ఇటు మర్రినవ్?”

“మీరు చెయ్యాల్సిన పని మిగిలిపోయిందంటే వచ్చాను సీఐ గారూ. అది హత్య.”

ఆయన బిస్కెట్టు టీలో పడిపోయింది. చెంచా కోసం వెతుకుతూ, “గట్ల ఎట్ల చెప్తవ్? గా గదిల నేలంత తెల్లపొడి. చెక్క అచ్చులకు సల్లుతరట. నేను పోయేసరికి ఒక్క బూటు గుర్తు లేదు, అన్నీ వట్టి కాళ్ళ గుర్తులే. బయటోడొస్తే చెప్పులతోని వస్తడు. ఇంటోళ్ళే తిరిగిన్రు. బిడ్డ మెట్రో కాడ ఉన్నది. అల్లుడు దిల్‌సుఖ్‌నగర్ల షాపుల ఉన్నడు. పనోళ్ళు ఇండ్లల్ల బువ్వ తింటున్నరు. ఇగ చంపిందెవ్వరు, దయ్యమా?”

“ఆ కాళ్ళ గుర్తులు ఫోటో తీశారా?”

ఆయన చెంచాతో బిస్కెట్టు ముక్కలు తీసుకుంటున్నాడు.

“తియ్యలేదన్నమాట. మీరు లోపలికి బూట్లతోనే వెళ్ళారా?”

“మనిషి సచ్చి పడున్నడు, బూట్లు ఇప్పుకుంట కూసోవాల్నా?”

“బ్రహ్మాండం. ఉన్న ఒక్క ఆధారాన్నీ మీరే తొక్కేశారు. మరి మూత సంగతి? ఎక్కి తొక్కిన మూత ఎలా ఊడింది? ఫ్యాన్ ఎవరు ఆపారు?”

“కరెంటు పోయుంటది. నువ్వు మూత అంటవ్, ఆమె నేనే చంపిన అంటది. ఎవరి మాట వినాలె? నిర్లక్ష్యం కింద కేసు రాస్తున్న. పొద్దుగూకేలోపు స్టేట్‌మెంట్ అయిపోతది.”

“ఆ పిల్ల ఇప్పుడు దేనికైనా సంతకం పెడుతుంది. గాంధీ గారిని చంపానన్నా పెడుతుంది. తిండీ నిద్రా లేని మనిషి చేత రాయించుకున్న కాయితం కోర్టులో నిలబడుతుందా? పైగా తండ్రి పోయి గట్టిగా నాలుగు రోజులు కాలేదు. ఇంటికి పంపండి. రేపు పొద్దున తీసుకొస్తాం.”

రామచంద్రం గొంతు తగ్గించాడు. మొదటిసారి ఎకసెక్కం లేకుండా మాట్లాడాడు. “నేను ఊరికే కూసోబెట్టిన అనుకుంటున్నవా? పొద్దుగాల సంది నాయిన తానికి పోత, నాయిన తానికి పోత అంటున్నది. ఈడుంటె లేడీ కానిస్టేబుల్ పక్కనే ఉంటది. పానంతోనన్న ఉంటది. ఇంటికి పోయి ఏమన్న చేసుకుంటె?”

“ఇంట్లో మొగుడున్నాడు. ఆ పిల్లాడి కాళ్ళు చూశారా? బొబ్బలెక్కినా మజ్జిగ ప్యాకెట్టు పట్టుకుని ఎండలో మీ వరండా చుట్టూ తిరుగుతున్నాడు. మీ లేడీ కానిస్టేబుల్ కంటే బాగా చూసుకుంటాడు.”

“పూచీ ఎవరిది?”

“నాది,” అన్నాను.

ఆయన గంట కొట్టి రైటర్ని పిలిచాడు. నేను గెలిచాను. అమల వెళుతూ వెళుతూ నా చెయ్యి పట్టుకుని, “నన్ను ఇక్కడే ఉండనిస్తే బాగుండేది ఆంటీ,” అంది. భయంవల్ల అంటోందనుకుని భుజం తట్టాను. వినయ్ ఆమెని జాగ్రత్తగా ఆటో ఎక్కించి నాకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

“సరే, మూత మూత అని సతాయిస్తున్నవ్ గద, పా, సూపియ్యి,” అని రామచంద్రం జీపు తీశాడు.

షెడ్డు బడంగ్‌పేట్‌లో, కొత్తగా లేస్తున్న ఇళ్ళ మధ్య. తాళం తీయడానికి అండాలమ్మ వచ్చింది. ఆమె మిషను కుట్టే మనిషి, గోడ పక్కనే ఇల్లు. మమ్మల్ని చూడగానే చేతులు జోడించింది.

“తప్పు నాదేనమ్మా. బువ్వ తిని ముందుగాల వచ్చింది నేనే. గడప బయట చెప్పులు సూసిన. ముసలిసారు పండుకున్నడు అనుకున్న. తలుపు మూసి ఉంటే లేపుడెందుకని ఊకున్న. అప్పుడు తలుపు తట్టినా బతుకుతుండెనేమో.”

ఈ కేసులో ఎవరిని కదిపినా తప్పు నాదే అంటున్నారు. ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి అడిగాను.

“చెప్పులు ఒక్క జతే ఉందా?”

“ఒక్కటే. గదిగో, ఇంక ఆడనే ఉన్నయ్.”

“ఆ వేళలో కరెంటు పోయిందా అండాలమ్మా?”

“లేదమ్మా. మా ఇంట్ల కూలర్ నడుస్తనే ఉండె. ఈ షెడ్డుకు, మా ఇంటికి ఒకటే లైను.”

నేను రామచంద్రం వైపు చూశాను. ఆయన పైకప్పు చూశాడు. ఫ్యాన్ స్విచ్ గది బయట, చెప్పుల స్టాండు పక్క గోడకి ఉంది. లోపల పడుకున్న మనిషి దాన్ని ఆపాలంటే లేచి బయటికి రావాలి.

గడప మీద పసుపు ఇంకా చెదరలేదు. నా చెప్పులు విప్పి స్టాండు పక్కన పెట్టాను. రామచంద్రం బూట్లతో కాలు ఎత్తాడు.

“సారూ,” అంది అండాలమ్మ.

అంతే అంది. ఆయన ఎత్తిన కాలు దించి, గొణుక్కుంటూ వంగి లేసులు విప్పాడు. సాక్సుకి ఒక చిల్లు ఉంది. చూడనట్టు నటించాను.

గదిలో అరల నిండా చెక్క కాళ్ళు. నేల మీది తెల్లపొడి అంతా ఆయన బూట్ల గుర్తులే. ఓ మూల జిగురు డబ్బా, మూత లేకుండా. మూత బల్ల కిందకి దొర్లిపోయి ఉంది. చేతిరుమాలుతో తీసి వెలుతురుకి పట్టాను. అంచు పొడుగునా ఒకే పక్క మూడు నాలుగు చోట్ల లోహం పైకి వంగి ఉంది, ఏదో చొప్పించి ఎగలేసినట్టు.

“చూడండి. ఇది కాలితో తొక్కితే అయ్యే సొట్ట కాదు. ఇనపముక్క పెట్టి లేపారు.”

రామచంద్రం మూత తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గడ్డం గోక్కున్నాడు. ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆయన విషయంలో అది చాలా ఎక్కువ.

కోత బల్ల మీద షీటు ముక్కలు రెండు వరసల్లో పేర్చి ఉన్నాయి. కత్తిరించినవి కాదు, చేత్తో చింపినవి. మొదటి వరసలో ముక్క తీసి ఇంకాస్త చింపాను. చిరిగినచోట కొబ్బరిపీచులా నార బయటికి వచ్చింది. రెండో వరసలో ముక్క చింపితే నార లేదు. పైన పొర ప్లాస్టిక్ కాయితంలా లేచొచ్చింది, కింద మామూలు గుడ్డ. ఆటో సీటుకి వేసే రెక్సిను నాకు తెలియదా.

“అండాలమ్మా, ఇవి ఎవరు చింపారు?”

“ముసలిసారే. కొత్తగ వచ్చిన షీట్లు అట్ల అన్నీ చింపి సూస్తుండె. ఆ దినం పొద్దుగాల సంది మస్తు కోపంగుండె. గా సర్టిఫికెట్ మేడం రానియ్, నేనే ఆమెకు సూపిస్త, కంపెనీ మూతబడితే మూతబడనీ అన్నడు.”

“షీట్లు ఎవరు తెస్తారు? అమలా?”

“అమలమ్మ కాదు. షీట్లన్నీ వినయ్ సారే తెస్తడు. గా పనిల ఎవరినీ యేలు పెట్టనియ్యడు.”

వినయా? కాదులే అనుకున్నాను. మనిషి మంచివాడని ఒకసారి అనేసుకున్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో. రామచంద్రమే నా బదులు అడిగాడు. “అల్లుడు షాపుల ఉండె గద?”

“అవ్ సారు. ఫోన్ చేస్తే ఉరికొచ్చిండు పాపం. ఎంత పరేషానయిండో, కాళ్ళకు చెప్పులు గుడ లేవు. అట్లనే వట్టి కాళ్ళతోని వచ్చిండు. మేమంతా సూసి ఏడ్సినం.”

నేను బయటికి వచ్చాను. స్టాండు ముందు కూర్చుని, వినయ్ తెమ్మన్న జతని చేతుల్లోకి తీసుకున్నాను. గోధుమరంగు, ముందువైపు వెడల్పు, బాగా వాడినవి. ఇన్ని గంటలుగా అందరం భానుమూర్తి గారి చెప్పులు అంటున్నాం. వినయ్ అన్నాడు, అండాలమ్మ అంది, నేనూ నమ్మాను. లోపల ఉన్నది ఆయనే కాబట్టి బయట ఉన్నవీ ఆయనవే అయి ఉండాలి కదా.

ఎడమదాంట్లో వేలు పెట్టి మడమ దగ్గర తడిమాను. బెండు ముక్క ఎత్తు లేదు. సాఫీగా ఉంది. కుడిదీ ఎడమదీ పక్కపక్కన పెట్టి మళ్ళీ తడిమాను. రెండూ ఒకటే ఎత్తు.

తర్వాత కుడిదాన్ని ఎండకి పట్టాను. బెండు అట్ట మెత్తన. ఏళ్ళ తరబడి ఒకే కాలు తొక్కితే ఆ కాలి ఆకారం దాంట్లో గుంటపడి నిలిచిపోతుంది. మడమ గుంట ఉంది. చిటికెన వేలు, దాని పక్కది, నడిమి వేలు, మూడు చిన్న గుంటలు వరసగా ఉన్నాయి. బొటనవేలి గుంట పెద్దది, లోతుగా ఉంది. రెండో వేలికి గుంట లేదు. ఆ వేలు అసలు నేలకి ఆనలేదు.

ఇది వినయ్ కాలు.

చంపడానికి వచ్చినవాడు కూడా ఆ గడప దగ్గర చెప్పులు విప్పాడు. ఆలోచించి కాదు, అలవాటు. రోజూ విప్పే చోట కాళ్ళు వాటంతటవే విప్పేస్తాయి. పని ముగించి హడావిడిగా బయటికి వచ్చి, పక్కపక్కన ఉన్న రెండు ఒకేలాంటి జతల్లో చేతికందినది కాళ్ళకి తగిలించుకుని పోయాడు. ఎడమ మడమ ఎత్తుగా తగిలేసరికి తెలిసుంటుంది, మామగారివి వేసుకున్నానని. అప్పటికి అండాలమ్మ వచ్చేసింది. తర్వాత పోలీసులు టేపు కట్టేశారు. ఆ జత ఎక్కడో పారేసి వట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. అందరూ ఏడ్చారు. మర్నాటి నుంచి కర్త అయ్యాడు, ఇక నీ చెప్పులేవని అడిగేవాడే లేడు. మిగిలింది ఈ జత ఒక్కటే. దాన్ని తెచ్చిపెట్టమని నన్నే అడిగాడు. నేను తెస్తానన్నాను.

అమల నాతో అంతసేపు మాట్లాడింది. నాన్న చెప్పులు కావాలని ఒక్కసారీ అనలేదు.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. బిడ్డ నాదే తప్పంది. అండాలమ్మ నాదే తప్పంది. ఎవరి తప్పూ లేదన్నవాడు ఒక్కడే.

రామచంద్రం నా వెనకే నిలబడి ఉన్నాడు. చెప్పు ఆయన చేతిలో పెట్టి, వేలితో ఆ గుంటలు చూపించాను. రెండు ముక్కల్లో చెప్పాను. అప్పుడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. “ఆమెకు ఫోన్ చెయ్యి,” అన్నాడంతే.

చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తింది అమల కాదు.

“చెప్పండి మేడమ్,” అన్నాడు వినయ్. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది.

“అమలకి ఇవ్వు బాబూ. ఒక్క మాట మాట్లాడాలి.”

“ఇప్పుడే పడుకుంది మేడమ్. రెండు టాబ్లెట్లు వేశాను. ఎన్ని రోజులైందో ఆమె కన్నుమూసి.”

“లేపు. ముఖ్యమైన విషయం.”

“వద్దులెండి. వచ్చినప్పటి నుంచీ ఒకటే గోల, నాన్న దగ్గరికి పోతాను, నాన్న దగ్గరికి పోతాను అని. పక్కింటివాళ్ళు కూడా విన్నారు. సీఐ గారికీ చెప్పిందట కదా. కాస్త ప్రశాంతంగా పడుకుంటుందని కిటికీలన్నీ మూసేశాను. నేను కిందకి వెళుతున్నాను, పిండప్రదానం సామాన్లు తెచ్చుకోవాలి. ఓ గంట పడుతుంది.”

మూసిన గది, లోపల నిద్రపోతున్న మనిషి. భానుమూర్తి గారికి జరిగిందే.

“మేడమ్, మామయ్యగారి చెప్పులు దొరికాయా?”

“దొరికాయి,” అన్నాను. అబద్ధం ఆడటం నా వృత్తి, ఆ ఒక్క క్షణం చేతకాలేదు. నా గొంతులో ఏం వినిపించిందో గాని, వాడికి అర్థమైపోయింది. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

రామచంద్రం అప్పటికే జీపు దగ్గర వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, దిల్‌సుఖ్‌నగర్ దగ్గరున్న బండి ఏదైనా సరే ముందు అక్కడున్న వినయ్ ఇంటికి పోవాలని, తలుపులు పగలగొట్టాలని, కిటికీలు తెరవాలని. ఆయన బూట్లు వేసుకోలేదు. చిల్లు సాక్సుతోనే క్లచ్ తొక్కాడు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాలి, ఈ వేళప్పుడు అక్కడ ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

స్టేషన్లో లేడీ కానిస్టేబుల్ పక్కన క్షేమంగా కూర్చున్న పిల్లని, నా వాదనతో, నా పూచీతో, నా చేత్తో భుజం తట్టి మరీ వాడి పక్కన ఆటో ఎక్కించాను. నన్ను ఇక్కడే ఉండనిస్తే బాగుండేది ఆంటీ అని అడిగింది కూడా. ఆ చెప్పు ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చున్నాను. మలుపు తిరిగాక గానీ చూసుకోలేదు, నా చెప్పులు ఆ గడప దగ్గరే వదిలేసి వచ్చాను.